1969 జీటీఎక్స్, 440 బిగ్ బ్లాక్: కాగితం మీది అంకె, కొలిస్తే తేలిన అంకె

బండి 1969 ప్లిమత్ జీటీఎక్స్. రెండు తలుపుల హార్డ్‌టాప్, 727 టార్క్‌ఫ్లైట్ ఆటోమేటిక్ గేర్‌బాక్స్, వెనక యాక్సిల్ 3.23 రేషియో. బానెట్ కింద 440 క్యూబిక్ అంగుళాల ఇంజిన్, మన లెక్కలో 7.2 లీటర్లు. ప్లిమత్ వాళ్లు దీన్ని సూపర్ కమాండో అన్నారు. ఇదే ఇంజిన్‌ని డాడ్జ్ వాళ్లు మాగ్నమ్ పేరుతో అమ్మారు. బ్రోషర్ ప్రకారం 4,600 ఆర్‌పీఎమ్ దగ్గర 375 హార్స్‌పవర్, 3,200 దగ్గర 480 పౌండ్-అడుగుల టార్క్, కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో) 10.1కి 1. కారు గుర్తింపు సంఖ్య (విన్)లో అయిదో అక్షరం ఎల్, అంటే కారు పుట్టినప్పుడే ఈ ఇంజిన్‌తో పుట్టింది. ఇంజిన్ అసలు దిమ్మ, అంటే బ్లాక్ మీద కొట్టిన అంకెలూ దానితో సరిపోయాయి. ఆ మాట మార్కెట్లో వేలల్లో డాలర్లు పలుకుతుంది. కాబట్టి ఈ పనిలో మొదటి షరతు: బ్లాక్ చెడకూడదు, మారకూడదు.

యజమాని డెట్రాయిట్ శివార్లలో ఉండే తెలుగు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏటా ఆగస్టులో మూడో శనివారం వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్లన్నీ బారులు తీరతాయి. 1995లో మొదలైన ఆ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌లో ఈ కారు ఎండలో నత్తనడక నడుస్తూ మరిగిపోయింది. అది అతని మొదటి ఫిర్యాదు. రెండోది, హైవే ఎక్కి యాక్సిలరేటర్ నొక్కితే నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి మండి ఇంజిన్ లోపల కొట్టుకునే శబ్దం. పంపులో దొరికే 93 ఆక్టేన్ పోసి, పైన ఆక్టేన్ బూస్టర్ సీసా వంచినా శబ్దం పోవట్లేదు. మూడోది, ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ సూది అడుగుకి వాలిపోతోంది. దాన్ని అతను చివర్లో, మర్చిపోయిన సంగతి గుర్తొచ్చినట్టు చెప్పాడు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా వినపడింది అదే.

ఇక్కడ 93 అంటే ఏమిటో ఇండియాలో ఉన్నవాళ్లకి చెప్పాలి. మన బంకుల్లో చెప్పే అంకె రీసెర్చ్ ఆక్టేన్. అమెరికా పంపు మీద ఉండేది రీసెర్చ్, మోటార్ ఆక్టేన్ల సగటు. ఇక్కడి 93 అక్కడి లెక్కలో దాదాపు 98. అంత మంచి పెట్రోలు తాగుతూ కూడా కొట్టుకుంటోందంటే తప్పు పెట్రోలుది కాదు.

విప్పకముందు చూసినవి

ఇంజిన్ కారులో ఉండగానే రెండు పరీక్షలు చేశాను. ఒకటి, స్పార్క్ ప్లగ్గులన్నీ తీసి కంప్రెషన్ ప్రెషర్. ఎనిమిది సిలిండర్లూ 120 నుంచి 130 పీఎస్ఐ మధ్యలో ఆడాయి. నిజంగా 10.1 కంప్రెషన్ ఉండి, ఫ్యాక్టరీ క్యామ్ (వాల్వులు తెరిచే కడ్డీ) ఉన్న ఇంజిన్ ఇంతకంటే చాలా ఎక్కువ చూపాలి. అంటే బ్రోషర్లో ఉన్న కంప్రెషన్ ఈ ఇంజిన్లో లేదు. మరి తక్కువ కంప్రెషన్ ఇంజిన్ మంచి పెట్రోలు మీద ఎందుకు కొట్టుకుంటోంది?

రెండో పరీక్ష దానికి జవాబు ఇచ్చింది. క్రాంక్ (పిస్టన్లు తిప్పే ప్రధాన కడ్డీ) ముందు కొసన ఉండే హార్మోనిక్ బ్యాలెన్సర్ రెండు ముక్కలు: లోపల హబ్, బయట బరువైన రింగు, మధ్యలో రబ్బరు పొర. టైమింగ్ గుర్తు ఉండేది బయటి రింగు మీద. అర్ధ శతాబ్దం దాటిన రబ్బరు పట్టు వదిలి, రింగు హబ్ మీద జారుతుంది. ఒకటో సిలిండర్ ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, క్రాంక్‌ని ఇటు తిప్పి ఒక గీత, అటు తిప్పి ఒక గీత పెట్టాను. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నదే అసలైన టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పైకి చేరి ఆగే చోటు. పాత గుర్తు దానికి 9 డిగ్రీల దూరంలో ఉంది. అతను టైమింగ్ లైట్ పెట్టి, పిస్టన్ పైకి చేరడానికి మొత్తం 36 డిగ్రీల ముందు స్పార్క్ పడాలని సెట్ చేసుకున్నాడు, ఇంజిన్ మాత్రం 45 మీద నడుస్తోంది. నాకింగ్‌కి కారణం అదే, మరగడంలో సగం కూడా అదే. రేడియేటర్ చుట్టూ ఉండాల్సిన ఫ్యాన్ ష్రౌడ్ ఎప్పుడో ఎవరో తీసి పారేశారు, మిగతా సగం ఆ ఖాతాలోది.

డిస్ట్రిబ్యూటర్ తిప్పి టైమింగ్ని 9 డిగ్రీలు వెనక్కి తేగానే నాకింగ్ పోయింది. బూస్టర్ అక్కర్లేదు, 87 పోసినా పోయింది. ఇక్కడితో బండి ఇచ్చి పంపేయొచ్చు. చాలామంది కస్టమర్లు అలాగే వెళ్లాలని నేనే చెప్తాను. నాకింగ్ కోసం ఈ ఇంజిన్ విప్పక్కర్లేదు. విప్పింది ఆయిల్ ప్రెషర్ కోసం. మెకానికల్ గేజ్ పెట్టి చూస్తే వేడి ఐడ్లింగ్‌లో 8 పీఎస్ఐ, దానికి తోడు ఒక వైపు వాల్వ్ కవర్ కింద టకటక.

విప్పాక

ఈ ఇంజిన్ కుటుంబం గురించి ఒక మాట. ప్లిమత్, డాడ్జ్‌ల మాతృసంస్థ క్రైస్లర్. దాని బిగ్ బ్లాకుల్లో (పెద్ద దిమ్మ ఇంజిన్లలో) డెక్ ఎత్తుని బట్టి రెండు రకాలు. 383, 400 ఇంజిన్లవి పొట్టి బ్లాకులు, క్రాంక్ నడుమ నుంచి హెడ్ కూర్చునే తలం (డెక్) దాకా 9.98 అంగుళాలు. 413, 440లవి పొడుగు బ్లాకులు, 10.725 అంగుళాలు. 440కి బోర్ (సిలిండర్ వ్యాసం) 4.320, స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 3.750, కనెక్టింగ్ రాడ్ పొడవు 6.768. డెక్ ఎత్తు, స్ట్రోక్, రాడ్ అంకెలు కంఠస్థం ఉంటే పిస్టన్ ఎక్కడ ఆగాలో కాగితం లేకుండానే తేలిపోతుంది: 10.725 లోంచి స్ట్రోక్‌లో సగం 1.875, రాడ్ 6.768 తీసేస్తే 2.082. పిన్ను నడుమ నుంచి పిస్టన్ తల దాకా 2.082 ఉంటే పిస్టన్ డెక్‌తో సమానంగా వస్తుంది.

హెడ్లు దింపి డయల్ గేజ్ పెడితే పిస్టన్లు డెక్ కంటే 90 థౌ కింద ఆగిపోతున్నాయి. థౌ అంటే అంగుళంలో వెయ్యోవంతు, మన లేత్ షాపుల్లోనూ పాతవాళ్లు అదే మాట వాడతారు. ఎప్పుడో 30 థౌ ఓవర్‌సైజ్ బోరింగ్ చేసి, చవకగా దొరికిన పొట్టి కాస్ట్ పిస్టన్లు వేశారు. లెక్క కడితే: 4.350 బోర్‌కి ఒక్కో సిలిండర్ 913 సీసీ. 906 కాస్టింగ్ హెడ్ ఛాంబర్ 88 సీసీ, పిస్టన్ పైన మిగిలిన ఖాళీ 22, గాస్కెట్ దాదాపు 10, వాల్వ్ పాకెట్లు 5, వెరసి 125. కంప్రెషన్ 8.3. బ్రోషర్లో 10.1. తనది హై కంప్రెషన్ ఇంజిన్ అనుకుని అతను ఇన్నాళ్లూ బూస్టర్ సీసాలు కొన్నాడు.

ఇక టకటక సంగతి. ఈ బిగ్ బ్లాకుల్లో రాకర్ షాఫ్టులకి (వాల్వుల్ని నొక్కే రాకర్లు కూర్చునే కడ్డీలకి) నూనె నేరుగా వెళ్లదు. నాలుగో క్యామ్ బేరింగ్ దగ్గర, క్యామ్ జర్నల్ (బేరింగులో తిరిగే భాగం) మీది రంధ్రం బ్లాక్‌లోని రంధ్రానికి ఎదురుగా వచ్చిన క్షణంలో మాత్రమే ఒక హెడ్‌కి ఒక గుక్క, ఇంకో హెడ్‌కి ఇంకో గుక్క వెళ్తుంది. ఆ బేరింగ్ కొట్టినవాడు దాన్ని కాస్త తిప్పి కూర్చోబెట్టాడు. ఒక వైపు రంధ్రం సగం మూసుకుపోయింది. ఆ వైపు రాకర్ షాఫ్ట్ అడుగు భాగం గోరు తగిలేంత అరిగింది. పైగా షాఫ్ట్‌ని తలకిందులుగా బిగించారు. దాని నూనె రంధ్రాలు కిందికి చూడాలి, ఎందుకంటే బరువు పడేది అక్కడే.

ఆయిల్ ప్రెషర్ పోవడానికి కారణం క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగులు. మూడో మెయిన్ దగ్గర క్లియరెన్స్ (సందు) 4.1 థౌ ఉంది, చాలా ఎక్కువ. అది చూసి ఎవరో హై వాల్యూమ్ పంపు తగిలించారు, నూనె పీల్చే పికప్ గొట్టం మాత్రం సన్నని పాతదే ఉంచారు. సన్న గొట్టంతో పెద్ద పంపు పీల్చేది నూనె కంటే నురగే ఎక్కువ.

ఎంత పవర్ కావాలి అన్న పంచాయితీ

అన్నీ బల్ల మీద పరిచి ఉన్న రోజు అతను వచ్చాడు.

"అన్నా, ఎలాగూ విప్పాం కదా, 505 స్ట్రోకర్ కిట్ వేసేద్దాం. 600 హార్స్‌పవర్ వస్తుందంట."

"ఎన్ని ఆర్‌పీఎమ్ దగ్గర తమ్ముడూ 600?"

"ఆరు వేల దగ్గరనుకుంటా."

"నువ్వు ఆరు వేలు చివరిసారి ఎప్పుడు చూశావు?"

నవ్వేశాడు కానీ ఒప్పుకోలేదు. అప్పుడు లెక్క రాసి చూపించాను. 27 అంగుళాల టైరు, 3.23 యాక్సిల్, టాప్ గేర్‌లో గంటకి 70 మైళ్ల వేగం దగ్గర ఇంజిన్ తిరిగేది 2,800. ఊళ్లో 1,500 నుంచి 2,500. ఈ కారు జీవితం మొత్తం 3,500 లోపే గడుస్తుంది. ఆరు వేల దగ్గర 600 ఇచ్చే క్యామ్ వేస్తే కింద చచ్చుబడి ఉంటుంది, పవర్ బ్రేకులకి వాక్యూమ్ చాలదు, ఆటోమేటిక్‌కి పొదుపు లేని పెద్ద స్టాల్ కన్వర్టర్ (ఎక్కువ ఆర్‌పీఎమ్ దగ్గరే పట్టు ఇచ్చేది) వేయాలి, యాక్సిల్ మార్చాలి. 440కి మెయిన్ క్యాపులు (క్రాంక్‌ని బ్లాక్‌కి పట్టి ఉంచేవి) రెండు బోల్టులవి. ఈ కారుకి దొరికిన ఈ ఒక్క బ్లాక్‌ని ఆ బరువు కింద పెట్టడం నాకు ఇష్టం లేదు.

స్ట్రోకర్ కిట్లు చెడ్డవని కాదు. 4.250 స్ట్రోక్ క్రాంక్ వేస్తే 30 థౌ బోర్‌తో 505 క్యూబిక్ అంగుళాలు వస్తాయి, టార్క్ కింది నుంచే పొంగుతుంది. నంబర్లు సరిపోవాల్సిన అవసరం లేని బ్లాక్ అయితే నేనే వేయమంటాను. ఈ ఇంజిన్లో మంచి ఫోర్జ్డ్ క్రాంక్ ఉంది, కారు వాడకానికి 450 హార్స్‌పవర్ ధారాళంగా సరిపోతుంది. అతను కోరిన అంకె వదులుకున్నాడు, బదులుగా అల్యూమినియం హెడ్లు, రోలర్ క్యామ్ అడిగాడు. ఆ రెండూ న్యాయమైన కోరికలు.

బ్లాక్

విజయవాడ ఆటోనగర్లో లారీ ఇంజిన్ బోరింగ్ చూసినవాళ్లకి లైనర్ అలవాటు. అరిగితే తీసి కొత్తది దించుతారు, బ్లాక్ పదికాలాలు ఉంటుంది. 440కి లైనర్ లేదు, పిస్టన్ బ్లాక్ ఇనుము మీదే నడుస్తుంది. ప్రతి బోరింగ్‌లోనూ పోయే ఇనుము పోయినట్టే. స్లీవ్ వేయొచ్చు కానీ అది చివరి మందు.

బ్లాక్‌ని ఉడికించి కడిగి, మాగ్నాఫ్లక్స్‌తో పగుళ్లు చూసి, సోనిక్ టెస్టర్‌తో సిలిండర్ గోడల మందం కొలిచాం. అన్నిటికంటే పలుచని చోటు 168 థౌ, అదీ పిస్టన్ ఒత్తిడి పడని వైపు. ఒత్తిడి పడే వైపు గోడలన్నీ 190 పైన. 30 థౌ ఓవర్‌సైజ్‌లో ఉన్న బోర్లకి పైన, కింద తేడా 6 థౌ. కేటలాగుల్లో తేలిగ్గా దొరికే తర్వాతి సైజు 60 ఓవర్. శుభ్రపడడానికి మాత్రం 40 ఓవర్ చాలు. 60కి పోతే గోడకి ఒక్కో వైపు 15 థౌ పోతుంది, 40కి అయితే 5. అందుకని 4.360 సైజుకి ఫోర్జ్డ్ పిస్టన్లు ఆర్డరు మీద చేయించాం. కొన్ని వందల డాలర్లు ఎక్కువ, కొన్ని వారాలు ఆలస్యం. ఈ మొత్తం పనిలో ఒక్క ఖర్చుని సమర్థించుకోమంటే నేను దీన్నే సమర్థిస్తాను. ఇంకో ముప్ఫై ఏళ్లకి ఈ బ్లాక్ ఇంకో మెకానిక్ చేతిలో పడ్డప్పుడు అతనికి కోయడానికి ఇనుము మిగిలి ఉంటుంది.

ఆర్డరు మీద చేయించడంలో ఇంకో లాభం ఉంది. డెక్ ఎత్తు కొలిచాక, ఆ కొలతకి పిస్టన్ చెప్పొచ్చు. ఫ్యాక్టరీ 10.725 అంది. ఈ బ్లాక్‌లో ఒక బ్యాంకు ముందు కొసన 10.728, వెనక 10.721. రెండో బ్యాంకు 10.730, 10.724. నాలుగు మూలలూ నాలుగు మాటలు. అప్పటి ఉత్పత్తి వేగంలో ఇది మామూలే, 375 హార్స్‌పవర్‌కి అడ్డమూ కాదు. ఎనిమిది సిలిండర్లకీ ఒకే కంప్రెషన్ కావాలంటే మాత్రం చదును చేయాలి. రెండు వైపులా 10.718కి కోశాం. ఇంత తక్కువ కోతకి ఇన్‌టేక్ మానిఫోల్డ్ ముఖాలు మిల్లింగ్ చేయనక్కర్లేదు. పిస్టన్ కంప్రెషన్ ఎత్తు 2.065 చెప్పాం, అది డెక్‌కి 10 థౌ కింద ఆగుతుంది. దాని మీద 39 థౌ గాస్కెట్. అంటే పిస్టన్ చదును తలకీ హెడ్ చదును భాగానికీ మధ్య 49 థౌ. ఈ ఇరుకు పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిశ్రమాన్ని ప్లగ్ వైపు చిమ్ముతుంది, నాకింగ్‌ని వెనక్కి నెడుతుంది. పాత 906 హెడ్లలో ఛాంబర్ తెరిచినట్టుగా ఉంటుంది, వాటితో ఈ లాభం దొరకదు.

హోనింగ్ టార్క్ ప్లేట్ బిగించి చేశాం. హెడ్ బోల్టులు బిగిస్తే సిలిండర్ గోడ ఏ మేరకు వంగుతుందో, ఆ వంపులోనే గుండ్రంగా చేయడం దాని ఉద్దేశం. మెయిన్ బోర్లు వరుసలోనే ఉన్నాయి. కొత్త స్టడ్లు వేద్దామా అని అతను అడిగాడు. స్టడ్లు లాగే తీరు వేరు, క్యాప్ ఆకారం మారుతుంది, లైన్ హోన్ (మెయిన్ బోర్లని ఒకే వరుసకి తెచ్చే కోత) మళ్లీ చేయాలి. ఈ పవర్‌కి మంచి బోల్టులు చాలు. ఒద్దన్నాను.

క్రాంక్, రాడ్లు త్వరగా చెప్పేస్తాను. రాడ్ జర్నల్స్ ఇదివరకే 10 అండర్ (10 థౌ సన్నం), మెయిన్లు స్టాండర్డ్. మెయిన్లు గ్రైండ్ చేయించి అవి కూడా 10 అండర్‌కి తెచ్చాం. జర్నల్ వ్యాసంలో అంగుళానికి ఒక థౌ అన్న పాత సూత్రాన్నే పట్టుకుంటాను: మెయిన్లకి 2.6 నుంచి 2.8 థౌ, రాడ్లకి 2.3 నుంచి 2.5. మూడో మెయిన్ మీది థ్రస్ట్ బేరింగ్ దగ్గర ఎండ్ ప్లే 5 థౌ. ఫ్యాక్టరీ రాడ్లకే ఏఆర్‌పీ కంపెనీ బోల్టులు వేసి పెద్ద కళ్లు రీసైజ్ చేయించాం. కొత్త పిస్టన్లు పాతవాటికంటే తేలిక కాబట్టి క్రాంక్ కౌంటర్‌వెయిట్లలో కొంత డ్రిల్ చేసి తీయాల్సి వచ్చింది. 1969 నాటి ఫోర్జ్డ్ క్రాంక్ 440 లోపలే బ్యాలెన్స్ అయ్యే రకం. 1970 నుంచి బరువైన రాడ్లతో వచ్చిన సిక్స్ ప్యాక్ తరహా ఇంజిన్లకీ, తర్వాతి కాస్ట్ క్రాంకులకీ బ్యాలెన్స్ చేసే పద్ధతి వేరు. పాత సామాను అంగట్లో అన్నీ ఒకే కుప్పలో ఉంటాయి, చూసి కొనాలి.

హెడ్లు, క్యామ్

అల్యూమినియం హెడ్లు క్లోజ్డ్ ఛాంబర్ రకం, ఇన్‌టేక్ వాల్వ్ 2.14, ఎగ్జాస్ట్ 1.81 అంగుళాలు. 906లో అవి 2.08, 1.74. గట్టి సీట్లు ఉన్నాయి కాబట్టి సీసం లేని పెట్రోలుకి భయం లేదు. పాత ఇనుప హెడ్ల ఎగ్జాస్ట్ సీట్లు సీసం కలిసిన పెట్రోలు కాలం నాటివి. ఆ పెట్రోలు ఇక్కడ రోడ్డు వాహనాలకి 1996 జనవరి నుంచి పూర్తిగా నిషేధం. 906లని పారేయలేదు, నూనె రాసి మూటకట్టి అతనికే ఇచ్చాను. కారు అమ్మే రోజున అవి కూడా దాని వెంట వెళ్లాలి.

కేటలాగులో ఛాంబర్ 84 సీసీ. బ్యూరెట్, గాజు పలక పెట్టి కొలిస్తే 86. లోపం అనను, ప్రతి కాస్టింగ్ కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఛాంబర్ 86, గాస్కెట్ 9.8, వాల్వ్ పాకెట్లు 5, పిస్టన్ పైన ఖాళీ 2.4 కలిపితే 103.2. సిలిండర్ ఇప్పుడు 917.5 సీసీ. కంప్రెషన్ 9.9. 84 నమ్మి లెక్క వేస్తే 10.1 వచ్చేది, తమాషాగా బ్రోషర్లో ఉన్న అంకె! హెడ్లు మిల్లింగ్ చేసి 10.1కి తెద్దామా అని ఒక పూట ఆలోచించాను. 9.9తో పోయేది ఏమీ లేదు, మిచిగన్ దాటి 91 ఆక్టేన్ మాత్రమే దొరికే రాష్ట్రాల్లో కూడా నిశ్చింతగా తిరుగుతుంది. వదిలేశాం.

క్యామ్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్ (చదును అడుగు లిఫ్టర్లు దాని లోబ్ల, అంటే ఎత్తుల మీద జారే రకం) ఈ ఇంజిన్లకి నిజానికి బాగా నప్పుతుంది. క్రైస్లర్ లిఫ్టర్ వ్యాసం 0.904 అంగుళాలు, షెవ్రొలెట్‌ది 0.842. వెడల్పు ఎక్కువ కాబట్టి లోబ్ వేగంగా ఎత్తినా లిఫ్టర్ అంచు తగలదు. కానీ కెటాలిటిక్ కన్వర్టర్లు పాడవకూడదని ఈనాటి కారు నూనెల్లో జింక్, ఫాస్ఫరస్ తగ్గించారు. లోబ్ అరిగి ఇనుప పొడి కొత్త బేరింగుల్లోకి పోయిన ఇంజిన్లు నా బల్ల మీదకి తరచూ వస్తాయి. నూనె ఎవరు ఏది పోస్తారో నా చేతిలో లేదు. అందుకే హైడ్రాలిక్ రోలర్, లిఫ్టర్ అడుగున చక్రం ఉండే రకం. 50 థౌ లిఫ్ట్ దగ్గర ఇన్‌టేక్‌కి 230, ఎగ్జాస్ట్‌కి 236 డిగ్రీల డ్యూరేషన్ (తెరిచి ఉండే కాలం), లోబ్ సెపరేషన్ 110.

రోలర్ వేస్తే వచ్చే తలనొప్పులు కిట్ డబ్బా మీద రాయరు. ఫ్లాట్ ట్యాపెట్ లోబ్‌కి ఉండే స్వల్ప వాలు క్యామ్‌ని వెనక్కి నెట్టి ఉంచుతుంది, రోలర్ లోబ్ చదును, క్యామ్ ముందుకి నడుస్తుంది. దాన్ని ఆపడానికి ముందు కవర్ వైపు క్యామ్ బటన్ పెట్టి ఆట కొలవాలి. డిస్ట్రిబ్యూటర్‌ని, ఆయిల్ పంపుని తిప్పే ఇంటర్మీడియట్ షాఫ్ట్ గేర్ ఇనుపది అయితే స్టీల్ క్యామ్ దాన్ని తినేస్తుంది, కంచు గేర్ వేయాలి. పుష్‌రాడ్ పొడవు మళ్లీ కొలవాలి.

టైమింగ్ సెట్ చుక్కలు ఎదురెదురుగా పెట్టి డిగ్రీ వీల్‌తో చూస్తే ఇన్‌టేక్ సెంటర్‌లైన్ (ఆ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే కోణం) 110 దగ్గర పడింది. క్యామ్ కార్డు 106 అడుగుతోంది. చుక్కలు కలిశాయి కదా అని మూసేస్తే కింది టార్క్ పోతుంది, యజమాని ఏడాదిపాటు కార్బురేటర్ మీద అనుమానపడతాడు. క్రాంక్ గేర్‌కి ఉన్న వేరే కీవే వాడి 4 డిగ్రీలు ముందుకి తెచ్చాం. పిస్టన్ తల మీద మట్టి ముద్ద పెట్టి తిప్పి కోసి చూస్తే వాల్వ్‌కీ పిస్టన్‌కీ మధ్య ఇన్‌టేక్ వైపు 110 థౌ, ఎగ్జాస్ట్ వైపు 135. కనీసం 80, 100 ఉంటే చాలు.

నూనె దారి

క్యామ్ బేరింగులు అయిదూ అయిదు సైజులు. నాలుగోదాన్ని కొట్టాక సన్న తీగ పెట్టి రెండు రంధ్రాలూ నిండుగా తెరుచుకున్నాయని చూసుకున్నాం. పికప్‌ని అర అంగుళం గొట్టానికి మార్చి, బ్లాక్‌లో దాని మర పెంచాం. పంపు మాత్రం మామూలు వాల్యూమ్‌దే. క్లియరెన్సులు సరిగ్గా ఉన్న ఇంజిన్‌కి పెద్ద పంపు అనవసరపు బరువు.

ప్రైమింగ్, అంటే స్టార్ట్ చేయకముందే నూనె పంపడం, ఈ ఇంజిన్లో నాకు నచ్చే ఘట్టం. ఆయిల్ పంపు బ్లాక్ బయట ఉంటుంది, ఇంటర్మీడియట్ షాఫ్ట్ తీసి డ్రిల్‌కి 5/16 హెక్స్ కడ్డీ తగిలించి అపసవ్యంగా తిప్పితే పంపు నడుస్తుంది. ప్రెషర్ వెంటనే లేస్తుంది కానీ రాకర్ల దగ్గర ఒక్క చుక్క రాదు. మొదటిసారి చూసినవాళ్లు కంగారు పడతారు. ఒకరు డ్రిల్ పట్టుకుంటే ఇంకొకరు క్రాంక్‌ని నెమ్మదిగా తిప్పాలి. నాలుగో జర్నల్ రంధ్రం ఎదురుకాగానే ఒక హెడ్ రాకర్ల నుంచి నూనె కారుతుంది, ఇంకాస్త తిప్పితే రెండో హెడ్. రెండు వైపులా కళ్లతో చూశాకే వాల్వ్ కవర్లు మూశాం. అప్పుడు అతనే డ్రిల్ పట్టుకున్నాడు.

డైనో

448 క్యూబిక్ అంగుళాలు, డ్యూయల్ ప్లేన్ ఇన్‌టేక్, 750 సీఎఫ్ఎమ్ (నిమిషానికి ఘనపు అడుగుల గాలి) కార్బురేటర్. కార్బురేటర్ చిన్నదని అతని స్నేహితులు అన్నారు. 448ని 5,500తో గుణించి 3,456తో భాగిస్తే 713. సిలిండర్లు నూటికి నూరుపాళ్లు నిండినా ఇంజిన్ పీల్చేది అంతే, అవి అలా నిండవు.

ముందు పవర్ కొలిచే డైనో యంత్రం మీద, వాళ్ల హెడర్లతో (గొట్టాల ఎగ్జాస్ట్‌తో) నడిపాం. టైమింగ్ 32 దగ్గర మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే 34 దాకా టార్క్ పెరిగింది, 36 దగ్గర ఏమీ పెరగలేదు. పెరగని చోట రెండు డిగ్రీలు అదనంగా పెట్టడం అంటే వేసవిలో నాకింగ్‌ని పిలవడమే. 34 దగ్గరే ఆపాం. 5,400 దగ్గర 487 హార్స్‌పవర్, 3,800 దగ్గర 541 పౌండ్-అడుగులు.

తర్వాత హెడర్లు తీసి కారుకి ఉన్న అసలు పోత ఇనుప మానిఫోల్డులు బిగించమన్నాను. డైనో అతను సణిగాడు. కానీ కారు రోడ్డు మీద తిరిగేది వాటితోనే. టార్షన్ బార్లు, స్టీరింగ్ మధ్య హెడర్లు దూర్చడం, ఆ తర్వాత ప్లగ్గులు మార్చడం ఎలా ఉంటుందో చేసినవాళ్లకి తెలుసు. పీక్ 452కి దిగింది. 3,500 లోపు రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి. గ్రాఫ్ కాగితం అతని ముందు పెట్టి నేనేమీ అనలేదు. చాలాసేపు చూసి, "హెడర్లు వద్దులే అన్నా" అన్నాడు.

452ని పాత 375తో పోల్చేటప్పుడు ఒక జాగ్రత్త. 1971 దాకా అమెరికన్ కంపెనీలు ప్రకటించింది ఎక్కువగా గ్రాస్ అంకె: ఎయిర్ క్లీనర్, పూర్తి సైలెన్సర్లు, నీడలా వెంట ఉండే బెల్టుల బరువు లేకుండా బల్ల మీద కొలిచినది. 1972 నుంచి నెట్ అంకెలు వచ్చాయి, అందుకే ఒక్క ఏడాదిలో అన్ని ఇంజిన్లూ బలహీనపడ్డట్టు కనిపిస్తాయి. కంప్రెషన్ తగ్గించిన మాటా నిజమే, కానీ తేడాలో పెద్ద ముక్క కొలిచే పద్ధతిది. మా 452 కూడా గ్రాస్‌కి దగ్గర చుట్టమే.

కారులోకి వెళ్లాక

కొత్త బ్యాలెన్సర్, ఫ్యాన్ ష్రౌడ్, థర్మల్ క్లచ్ ఫ్యాన్, 82 డిగ్రీల సెల్సియస్ థర్మోస్టాట్. ఐడ్లింగ్ 850 దగ్గర వాక్యూమ్ 13 అంగుళాలు, బ్రేకులకి ఢోకా లేదు. వేడి ఐడ్లింగ్‌లో ఆయిల్ ప్రెషర్ 28 పీఎస్ఐ, హైవే మీద 60. ఆగస్టు ఎండలో, వుడ్‌వర్డ్ మీద అదే నత్తనడకలో నీళ్ల వేడి 90 దాటలేదు.

వెయ్యి మైళ్లకి నూనె మార్చి, ఫిల్టర్ కోసి మడతలు విప్పి చూశాం. కూర్చుంటున్న రింగుల సన్న నలుసులు తప్ప మెరిసే ముక్క లేదు. వాల్వ్ కవర్లు తీస్తే రెండు వైపుల రాకర్లూ సమానంగా తడిసి ఉన్నాయి. వెనక మెయిన్ సీల్ దగ్గర చిన్న చెమ్మ ఉంది. ఈ ఇంజిన్లకి ఆ సీల్ విడిగా ఒక అల్యూమినియం రిటెయినర్‌లో కూర్చుంటుంది, దాని పక్క సీళ్ల నుంచి చెమర్చడం పాత జబ్బు. నేల మీద మరక పడనంతవరకు దాని కోసం గేర్‌బాక్స్ దింపను.

ఇప్పుడు అతను ఓవర్‌డ్రైవ్ గేర్‌బాక్స్ గురించి అడుగుతున్నాడు. 70 మైళ్ల దగ్గర ఇంజిన్ రెండు వేలకి దిగితే పెట్రోలు కలిసొస్తుందని అతని లెక్క. లెక్క సరైనదే. కానీ దానికి ఫ్లోర్ టన్నెల్ కోయాలి, ఆ మాట దగ్గర ఇద్దరం ఆగి ఉన్నాం.